దండోరా పైడయ్య భయం

కొండలకు పేర్లు పెట్టడం ఇంకా పూర్తికాని రోజుల్లో మొగలిపేట అని ఒక ఊరుండేది. ఊరికో రాజు, రాజుకో కోట, కోటకో దండోరా పైడయ్య. పైడయ్యది పెద్ద డప్పు, పెద్ద గొంతు, చిన్న గుండె.

రాజుగారి మాట ఊరికి చేర్చడం అతని పని. ఆ ఊళ్ళో ఒక అలవాటుండేది. కబురు మంచిదైతే పైడయ్య జోలెలో గుప్పెడు బియ్యం పోసేవాళ్ళు. చెడ్డదైతే చేతిలో ఏది ఉంటే అది విసిరేవాళ్ళు. రాజుగారి మీద విసరలేరు కదా, అందుబాటులో ఉన్నది పైడయ్యే పాపం. చేపతలలు తగిలిన రోజున అతని పెళ్ళాం పులుసు పెట్టేది. మిగతా రోజుల్లో గంజే.

ఒకనాడు రాజుగారికి కోట గుమ్మం నుంచి సంత దాకా తిన్నటి వీధి ఒకటి వేయాలని బుద్ధిపుట్టింది. మధ్యలో ఎండిపోయిన కొండవాగు, ఊరివాళ్ళ మాటలో గెడ్డ, అడ్డొచ్చింది. "చుక్క నీరు లేని గెడ్డ మనకెందుకు? పూడ్చేయండి. మట్టి జనమే మొయ్యాలి. పైడయ్యా, వెళ్ళి చాటించు," అన్నాడు.

పైడయ్య కుమ్మరి వీధికి వెళ్ళాడు. డప్పు కొట్టాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గెడ్డ పూడ్చాలహో," అన్నాడు. మట్టిముద్ద వచ్చి చెవికి తగిలింది.

చాకలి వీధికి వెళ్ళాడు. డప్పు కొట్టాడు. అదే మాటన్నాడు. పిండని దుప్పటి వచ్చి వీపున పడింది.

జాలరి వీధికి వెళ్ళాడు. అక్కడ నూకాలమ్మ అని ఒక అవ్వ ఉంది. ఆవిడ గురి తప్పదు. ఆ రోజు ఆవిడ చేతిలో ఉన్నది చేపతల కాదు, వలకు కట్టే రాయి. పైడయ్య ఒక అడుగు వెనక్కేశాడు. డప్పు కొట్టాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గెడ్డ పూడ్చాలని రాజుగారు..." అని రాయి వైపు ఓసారి చూసి, "అనుకుంటన్నారు. మీరేటంటారో రేపు కోటకొచ్చి సెప్పమన్నారు," అనేశాడు.

నూకాలమ్మ చెయ్యి దించింది. "మనల్ని అడిగాడా రాజు?" అని పక్కావిడ మొహం చూసింది.

పైడయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఉపాయం బాగుందని వెనక్కి పోయి, మిగతా రెండు వీధుల్లోనూ అదే చాటాడు. అబద్ధానికి జోలె నిండా బియ్యం పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా కోట ముందు కూర్చుంది. రాజుగారు మేడ మీంచి చూసి హడలిపోయాడు. "ఎందుకొచ్చారు?" అన్నాడు. "తమరే కదా బాబూ పిలిసినారు," అన్నారు జనం. రాజుగారు పైడయ్య వైపు చూశాడు. పైడయ్య డప్పు వైపు చూశాడు. నేను పిలవలేదంటే పరువు పోతుంది, కాబట్టి రాజుగారు కిందికి దిగి కూర్చున్నాడు.

"ఏటా వానల తర్వాత ఆ గెడ్డలో కొత్త మట్టి ఉంటాది బాబూ. నీరే తెస్తాది," అన్నారు కుమ్మరులు. "కొండ మీద కురిస్తే సాలు, ఇక్కడ ఎండ కాస్తన్నా గెడ్డ పొంగుతాది," అన్నారు చాకళ్ళు. "నా పెళ్ళినాడు అందులో సేపలు పట్టినారు," అంది నూకాలమ్మ. ఎవరి పెళ్ళికి పట్టారన్న దాని మీద కొట్లాట మొదలైంది. దాని వెనకే ఎవరి గేదె ఎవరి పాదు మేసిందన్న గొడవా లేచింది. రాజుగారికి తల పగిలిపోయింది.

"సరే, వానలయ్యేదాకా ఆగుతాను. నీళ్ళు రాకపోతే గెడ్డా పూడుతుంది, అబద్ధం చాటిన పైడయ్యా ఊరు విడిచిపోతాడు," అన్నాడు.

నీళ్ళొస్తాయో రావో పైడయ్యకు ఏం తెలుసు? ఏమీ తెలియదు. పెళ్ళాన్ని వెంటేసుకుని ఏ ఊరు పోవాలి, ఎవరు పని ఇస్తారని దిగులుపడి, డప్పు ఒళ్ళో పెట్టుకుని గెడ్డ గట్టునే కూర్చున్నాడు. కుమ్మరులొచ్చి "వస్తాది," అన్నారు. చాకళ్ళొచ్చి "వస్తాది," అన్నారు. నూకాలమ్మ వచ్చి "రాకపోతే నాను తెస్తాను, తిను," అని అన్నం ముద్ద పెట్టింది.

మబ్బులొచ్చాయి, పోయాయి. మళ్ళీ వచ్చాయి, పోయాయి. రాజుగారికి ఓపిక చచ్చిపోయింది. ఫెళ్ళున ఎండ కాస్తుంటే తనే గెడ్డలోకి దిగి, తాడు పట్టి వీధి కొలిపించసాగాడు. దూరాన కొండ మాత్రం నల్లబడింది. నూకాలమ్మ చెవి ఒగ్గి విని, "వస్తంది. పైడీ, కొట్టు," అంది.

పైడయ్య డప్పు చిరిగేలా కొట్టాడు. "గట్టెక్కు బాబూ, గట్టెక్కు," అని అరిచాడు. ఆ ఒక్కసారి మాత్రం ఎవరేమంటారని అడగలేదు. రాజుగారు పంచె ఎగ్గట్టి గట్టెక్కాడో లేదో, ఎర్రటి నీళ్ళు గెడ్డ నిండా వచ్చి కొలతాడునీ ఒక చెప్పునీ పట్టుకుపోయాయి.

రెండో చెప్పు చేత్తో పట్టుకుని రాజుగారు నీళ్ళ వంక చూశాడు. "పైడయ్యా," అన్నాడు, "వీధి ఎటు పోవాలో వీళ్ళని అడిగిరా."

వీధి గెడ్డను తప్పించుకుని వంకరటింకరగా వెళ్ళింది. పని పూర్తయ్యాక రాజుగారు భోజనాలు పెట్టి, మొదటి విస్తరి పైడయ్యకు వేయించాడు. "నాకొద్దు బాబూ. ముందు నూకాలమ్మకి ఎయ్యండి. ఆవిడ ఆకలి మీదుంటే నాకు భయం," అన్నాడు పైడయ్య.

అతను పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. మొగలిపేటలో ఇప్పటికీ గోడకో బావికో పలుగు వెయ్యాలంటే ముందు డప్పు కొట్టి అడుగుతారు. వద్దన్నవాళ్ళకే మొదటి విస్తరి. భోజనం కోసం వద్దనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని కూడా, ఎందుకు వద్దో చెప్పించుకునే వడ్డిస్తారు. కొత్తవాళ్ళెవరైనా ఈ వీధి ఇంత వంకరేమిటని నవ్వితే, ఊరివాళ్ళు వానాకాలంలో ఓసారి రమ్మంటారు. వచ్చినవాళ్ళకు నిండుగా పారే గెడ్డని చూపించి, "ఇది పూడ్చుంటే ఈ నీళ్ళన్నీ మా ఇళ్ళ మీదే పడేవి. మా పైడయ్య భయపడ్డాడు, అందుకే బతికున్నాం," అని గొప్పగా చెప్పుకుంటారు.