వలిసె గింజల చిలుక

అనగనగా ఒక రాజుగారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. కథల్లో రాజులకి ఇద్దరే కొడుకులుండడం మీరెప్పుడైనా విన్నారా? ధూమకేశి అనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు హేమలేఖని ఏడు సముద్రాల అవతలి తన కోటకి ఎత్తుకుపోతే, ఆమెను విడిపించడానికి ముగ్గురూ బయల్దేరారు. పెద్దవాడు మొదటి సముద్రంలోనే వాంతులై ఇంటికెళ్లిపోయాడు. రెండోవాడు మూడో సముద్రంలో జలుబు చేసి ఇంటికెళ్లిపోయాడు. చిన్నవాడు సుకేతుడు మాత్రం ఒక ముసలి తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. దాటేసరికి పాపం, ఒంట్లో సత్తువంతా అయిపోయింది.

హేమలేఖ కోటగోడ మీద నుంచి గుట్టు చెప్పింది. "మాంత్రికుడి ప్రాణం అదిగో, ఆ కొండకొమ్ము మీది చిలుకలో ఉంది. అక్కడికి మనిషి ఎక్కలేడు, అదే దిగిరావాలి. వలిసె గింజలకి తప్ప దేనికీ దిగదు." కొంగున ముడివేసి దాచిన మూడు గుప్పిళ్ల విత్తనం కిందికి జారవిడిచింది.

అది విని ధూమకేశి పకపకా నవ్వాడు. "పండించుకో బాబూ! మూడేళ్లు గడువు. చిలుక నీ చేతికి చిక్కితే నేను పోతాను. చిక్కకపోతే నువ్వు రాయివైపోతావు, ఈ పిల్ల ఎప్పటికీ ఇక్కడే!"

సుకేతుడు అంతఃపురపు పూలతోటలో పెరిగినవాడు. మొక్కంటే లోతుగా తవ్వాలి, దండిగా ఎరువెయ్యాలి అనుకునేవాడు. మొదటి ఏడు మోకాలి లోతు దున్ని విత్తనం అడుగున పూడ్చాడు. నాగలి ఎవరిచ్చారనుకున్నారు? మాంత్రికుడే! ఆ ఏటి గుప్పెడు విత్తనమూ మట్టిలో కుళ్లిపోయింది. రెండో ఏడు పైపైనే చల్లాడు గానీ, బండ్లకొద్దీ ఎరువు పోశాడు. ఆ బండ్లు తోలించిందీ మాంత్రికుడే. మొక్కలు మనిషెత్తు లేచాయి, ఆకు తప్ప పువ్వు లేదు. ఒక్క గాలికి అన్నీ పడిపోయాయి.

మూడో ఏడు వానలు మొదలయ్యేసరికి సుకేతుడికి చేతులు లేవలేదు.

"తాబేలు తాతా, ఇక నావల్ల కాదు. ఏడుద్దామన్నా ఓపిక లేదు."

"లేకపోతే మంచిదే నాయనా," అంది తాబేలు. "రాళ్లవాలున దిక్కూమొక్కూ లేకుండా పూసే పువ్వది. నువ్వేమో మల్లెతీగని సాకినట్టు సాకితివి. ఇసక కలిపి చల్లు. ఒక ముళ్లకంప పైన ఈడ్చు. పడుకో."

కోట వెనకాల రాళ్లవాలున సుకేతుడు అలాగే చల్లాడు, కంప ఈడ్చాడు, పడుకున్నాడు. ధూమకేశి మళ్లీ ఎరువుబండితో వచ్చాడు.

"వద్దండీ. దించుకునే ఓపిక లేదు."

మాంత్రికుడి మొహం మాడిపోయింది.

చలి మొదలయ్యేసరికి వాలంతా పచ్చగా, పసుపు ఆరబోసినట్టు పూసింది.

"జడలోకి రెండు పూలు కొయ్యవూ?" అంది హేమలేఖ.

"లేవలేను రాకుమారీ."

అలా ఒక్క పువ్వూ తెగకుండానే పూతంతా వాడింది, గింజకట్టింది. మొక్కలు ఎండాయి, గింజ నల్లబడింది. సుకేతుడు వాటి మధ్యే చెయ్యి చాచి కునుకు తీస్తుంటే, చిలుక దిగి గింజలు ఏరుకుంటూ ఏరుకుంటూ అరచేతిలోకి నడిచింది. అతను పిడికిలి బిగించాడు.

మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్లమీద పడ్డాడు. "వదిలెయ్ నాయనా! ఇంకో ఏడు సముద్రాల అవతల బంగారు కోటలున్నాయి. దారి చెబుతాను, వెళ్లి గెలుచుకో!"

"ఇంకో ఏడా!"

ఎక్కడలేని బలమూ వచ్చి సుకేతుడు చిలుక మెడ విరిచేశాడు. మాంత్రికుడు అక్కడికక్కడే కూలిపోయాడు.

తాబేలు ఇద్దరినీ ఇల్లు చేర్చింది. పెళ్లి పీటల మీద కూర్చోగానే సుకేతుడు గాఢంగా నిద్రపోయాడు. పురోహితుడు గాభరాపడ్డాడు. "ముహూర్తం దాటిపోతోంది, లేపండి, లేపండి!"

హేమలేఖ తలంబ్రాల పళ్లెం పక్కన పెట్టి, అతని తల తన భుజానికి ఆనించుకుంది.

"దాటనివ్వండి పంతులుగారూ. ఇంకో ముహూర్తం చూడండి. ఈయన కంటినిండా నిద్రపోయి మూడేళ్లయింది."

మర్నాడు సాయంత్రం లేచాక పెళ్లయింది. తర్వాత వాళ్లిద్దరూ చాలాకాలం రాజ్యమేలారు. వాళ్లు ఏలినన్నాళ్లూ ఆ రాజ్యంలో అలిసిపోయి పడుకున్నవాణ్ణి ఎవ్వరూ లేపలేదు.