మసి పూయని పుస్తకం

నూకాలు ఊరూరా తిరిగి పాత తాటాకు పుస్తకాలు కొని అమ్మేది. ఆమె దగ్గరున్న ఒక పుస్తకానికి దంతపు అట్టలు చూసి దివాను శరభరాజుకి ఆశ పుట్టింది. అమ్మనని ఆమె అనేసరికి నేరుగా రాజుగారి కొలువుకి లాగాడు.

"ప్రభూ, ఇది ఈమె మా ఇంట్లో దొంగిలించింది. రోజూ పూజలో నేను చదివే పుస్తకం," అన్నాడు.

మూడేళ్లు తిరిగి సంపాదించిన పుస్తకాన్ని నూకాలు వదిలేలా లేదు. "ఒక్క ఆకు చదివి వినిపించమనండి, ప్రభూ," అంది.

దివాను కట్టు విప్పాడు. ఏ ఆకు మీదా అక్షరం కనబడలేదు. "పాతబడి చెరిగిపోయాయి," అని గొణిగాడు.

నూకాలు దీపపు మసి తీసి ఒక ఆకుకి రుద్ది, పైమసి తుడిచింది. గంటంతో గీసిన అక్షరాలు నల్లగా తేలాయి.

"రాసినాయన మసి పూయకముందే పోయాడు ప్రభూ. దీన్ని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. మరి రోజూ పూజలో దివానుగారు ఏం చదివారో ఆయన్నే అడగండి."