పదమూడో మనిషి

పరంజ్యోతి అయ్యగారిని ఎవరేం అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అని చేతికర్ర అందుకునేవారు. ఆయన దగ్గర చర్చి ఉపదేశిగా తర్ఫీదు పొందుతున్న తీతుకు రెండేళ్ళుగా ఈ అలవాటు తెలుసు. కాని ఆ సోమవారం ఉదయం అతనికి ఆగే ఓపిక లేదు.

ముందురోజు ఆరాధనలో అయ్యగారు పడవ ఎలీషాను ప్రభుభోజన సంస్కారపు బల్ల దగ్గరికి పిలిచి, తన చేతులతో రొట్టె విరిచి ఇచ్చారు. నాలుగేళ్ళ కిందట ఈ ఎలీషాయే, గోదావరి పోటుమీద ఉండగా, పన్నెండుమంది పట్టే పడవలో పాతికమందిని ఎక్కించుకుని నడి ఏట్లో బోల్తా కొట్టించాడు. ముగ్గురు పోయారు. వారిలో తీతు అక్క సలోమి ఒకతె. ఎలీషా జైలుకు వెళ్ళివచ్చాడు. ఆ పాయలో సుడులు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని ఏటి నడుమ లంకవాళ్ళే మళ్ళీ పడవ అప్పగించారు.

"ప్రభువు వాణ్ణి క్షమించాడని మీతో చెప్పాడా అయ్యగారూ?" తీతు అడిగేశాడు. "మా అక్కను మూడోనాడు ఇసుకమేటలోంచి తీసింది నేను. ముగ్గుర్ని ముంచి చంపినవాడు నాలుగు కన్నీటి చుక్కలు కారిస్తే అంతా తుడిచిపెట్టుకు పోతుందా? క్షమాపణ అంత చవకైతే ఇక సిలువ ఎందుకు?"

అయ్యగారు కర్ర అందుకున్నారు. "లంకలో రూతమ్మ మంచం పట్టింది. ప్రార్థనకు వెళ్ళాలి, నువ్వూ రా."

అక్క పోయిన తరవాత తీతు ఆ రేవు మెట్లు దిగలేదు. గురువు ముందు నడుస్తుంటే కాదనలేక దిగాడు. పడవలో ఎలీషా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎలీషా అతణ్ణి చూశాడు గాని పలకరించే ధైర్యం చెయ్యలేదు. వేలు పెట్టి మనుషుల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు. పన్నెండుమంది. తాడు విప్పబోతుండగా ఇసుక కాంట్రాక్టరు వీర్రాజు గబగబా వచ్చి పడవలో కాలు పెట్టాడు.

"నిండిపోయిందండి. అరగంటలో వచ్చి తీసుకెళ్తాను."

"ఒక్కణ్ణేరా! ఒక్కడెక్కితే మునిగిపోతుందా?"

"దిగండి బాబూ."

వీర్రాజు దిగలేదు సరికదా, రెండో కాలు కూడా లోపల పెట్టాడు. ఎలీషా పడవ తోసే గెడ తీసి అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ చురుక్కుమంటోంది. "పోనీలేవయ్యా, సర్దుకుంటాం" అని ఎక్కినవాళ్ళే సణగడం మొదలెట్టారు. వీర్రాజు అతని చొక్కా పట్టుకుని చెంప ఛెళ్ళుమనిపించాడు.

"ముగ్గుర్ని ముంచి చంపినవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

ఎలీషా చెంప తడుముకోలేదు. "అవునండి, నేనే చంపాను" అన్నాడు. "ఆరోజు కూడా ఒక్కరే కదా, ఒక్కరే కదా అనుకుంటూనే ఎక్కించాను. అందుకే దిగమంటున్నాను."

పొద్దున తానన్న మాటే ఇంకొకడి నోట వినేసరికి తీతుకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరిమీదో తేల్చుకోకుండానే లేచి నిలబడ్డాడు.

"దిగవయ్యా! ఆయన చెబుతున్నది నీకు వినపడటం లేదా? ఆ పోయినవాళ్ళలో మా అక్క ఉంది. దిగు!"

పొద్దుటినుంచీ 'వాడు' అన్న నోటితోనే 'ఆయన' అన్నానని అతనికి అప్పుడు తెలియలేదు. వీర్రాజు తిట్టుకుంటూ దిగిపోయాడు. ఎలీషా గెడ వేశాడు. అవతలి ఒడ్డు చేరేదాకా అతను నీళ్ళమీదనుంచి కళ్ళెత్తలేదు.

రూతమ్మ ఇంట ప్రార్థన ముగించుకుని గురుశిష్యులు మళ్ళీ ఏటివైపు నడిచారు. తీతు కోపం ఇంకా చల్లారలేదు. గట్టుమీద ఆగిపోయాడు.

"వాడు మారాడు సరే. మా అక్క తిరిగొస్తుందా అయ్యగారూ?"

"రాదు."

అయ్యగారు కర్రతో ఎగువకు చూపించారు.

"ఎలీషాను క్షమించానని ప్రభువు నాతో ఏమీ చెప్పలేదు తీతూ. ఈ గట్టు వెంట ఆరు మైళ్ళు నడిస్తే వంతెన వస్తుంది. కింద ఎలీషా పడవ ఉంది. ప్రాణం నీది, ఏ దారిన వస్తావో నువ్వే చెప్పు."