కర్రు తగిలిన చోటు

రండమ్మా, ముందుకు జరగండి. అన్నా, ఆ స్తంభానికి ఆనుకుంటే నిద్రొస్తుంది, ఇటొచ్చి కూర్చో. అందరూ ఒక్కసారి నేలకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకోండి. ఈ కథ ఆ భూదేవిదే.

ఒక అడవి అంచున నాలుగెకరాల ఎర్రచేను. పట్టా నక్క జంబన్న పేరిట ఉంది. చెమట మాత్రం ఎద్దు ఓబయ్యది. పన్నెండేళ్ళుగా ఓబయ్య కాడి లాగేవాడు, పెళ్ళాం ఆవు కపిలమ్మ వెనకాల నాగలి పిడి, అదే మేడి, పట్టేది. పండినదాంట్లో సగం తెచ్చి జంబన్న వాకిట్లో పోసేవారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇలా ఉండగా సింహరాజుగారు ఒక చట్టం చేశారు. "దున్నేవాడిదే భూమి. పట్టా ఉన్న ఆసామి సొంతంగా దున్నుకునే చేను మాత్రం ఆసామికే."

జంబన్న దాన్ని రెండుసార్లు చదివాడు. రెండో వాక్యం నచ్చింది. ఆ సాయంత్రమే ఓబయ్య పాక దగ్గరికి వచ్చాడు.

"ఓబయ్యా, ఈ చేను నేనే దున్నుతున్నాను."

"మంచిది దొరా. ఎప్పట్నుంచి?"

"పన్నెండేళ్ళుగా."

ఓబయ్య కాసేపు నెమరు వేశాడు. "మరి పన్నెండేళ్ళూ నేనెక్కడున్నాను?"

"బంధువుల ఇంట్లో."

కపిలమ్మకి ఒళ్ళు మండింది. "ఏ బంధువులయ్యా? పేర్లు కూడా నువ్వే చెప్పు, పండక్కి పిలుస్తాం."

చేను ఎవరిదో తేల్చడానికి రాజుగారి తరఫున ఏనుగు గజపతిగారు విచారణకి వచ్చారు. ఆ రోజు ఏరువాక పున్నమి, రైతు ఏడాదికి తొలి చాలు దున్నే రోజు. కరణం కాకి పుస్తకం విప్పాడు.

"రికార్డులో ఓబయ్య లేడండి."

"ఎదురుగా నిలబడ్డాడు గదయ్యా!" అన్నారు గజపతి.

"కనబడుతున్నాడండి. లేడు."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. జంబన్న అతికించి ఊరుకోలేదు, పైన పూత కూడా వేద్దామనుకున్నాడు. "అయ్యా, ఈ పూట తొలి చాలు నా చేతుల్తో దున్ని చూపిస్తాను" అంటూ కొత్త తలపాగా చుట్టి, అరువు తెచ్చిన రెండు గాడిదలను కాడికి కట్టి, మేడి పట్టాడు. చేను నున్నగా కనబడుతోంది. గాడిదలు ఊపు మీద పోతున్నాయి.

గట్టు మీద ఓబయ్య నిలవలేకపోతున్నాడు.

"ఊరుకో," అంది కపిలమ్మ. "విరగనీ."

"ఆ గాడిదల మెడలే..."

"మన చేను పోతోందయ్యా!"

"పోతే పోయింది. వాటి మెడలేం పాపం చేశాయి?" అని ఓబయ్య గొంతెత్తి అరిచాడు. "దొరా! పదడుగుల్లో రాతిగుండుంది! మేడెత్తండి!"

గాడిదలు విని అడుగు తగ్గించాయి. జంబన్న వినలేదు. "నా చేలో నాకు చెప్పొచ్చావా?" అంటూ వాటికి చర్నాకోలతో ఒక్కటిచ్చాడు. రెండడుగుల్లో ఠప్పుమని నాగలి మొనకున్న ఇనప కర్రు విరిగింది. మేడి ఎగిరి జంబన్న మూతిని పలకరించింది. ముందే జాగ్రత్తపడ్డ గాడిదల మెడలు, దేవుడి దయవల్ల, దక్కాయి.

గజపతి వచ్చి తొండంతో మన్ను తీశారు. జానెడు లోతున నల్లగుండు.

"ఓబయ్యా, పైకి కనబడని గుండు నీకెలా తెలుసు?"

"మొదటి ఏడాదే దానికి మూడు కర్రులు సమర్పించుకున్నానండి."

"ఇంకా ఉన్నాయా?"

"రేగుచెట్టుకి తూర్పున ఒకటి. నీళ్ళు మళ్ళించే మడవ దగ్గర ఇంకోటి."

తవ్వి చూస్తే రెండూ చెప్పిన చోటే ఉన్నాయి.

"జంబన్నా, నువ్వేమంటావు?"

"రికార్డులో రాళ్ళు లేవండి," అన్నాడు జంబన్న వాచిన మూతితో.

గజపతి తలూపారు. "కాకిగారూ, ఓబయ్య ఉన్నాడని రాయండి. చేను అతనిదని కూడా రాయండి. జంబన్నా, పన్నెండేళ్ళు దున్నానన్నవాణ్ణి ఉత్తచేతుల్తో పంపడం ధర్మం కాదు. ఆ నల్లగుండు నీది. తవ్వి తీసుకుపో."

వానలు పడేదాకా తవ్వాడు. ఆ చేలో జంబన్న సొంతంగా చేసిన పని అదొక్కటే.

పట్టా పట్టుకున్నవాడికి చేను హద్దులే తెలుస్తాయి, మేడి పట్టినవాడికి చేను కడుపులో రాయి కూడా తెలుస్తుంది.

తల్లులారా, అయ్యలారా, మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు. తన చేను చేజారిపోతున్న క్షణాన ఓబయ్య ఎవరి గాడిదల కోసమో "మేడెత్తండి" అని అరిచాడు. ఆ ఒక్క మాట ఇంటికి పట్టుకెళ్ళండి. రేపు గట్టు మీద కలిసినవాళ్ళకి చెప్పండి. కింద భూదేవి కూడా వింటుంది.