మన కోట

ఒక రాజు కొండ మీద కోట కట్టిస్తున్నాడు. మూడేళ్ళయినా గోడ మనిషి ఎత్తు దాటలేదు.

రాళ్ళు కొట్టేవాళ్ళు నలభై కుటుంబాలు. కొండ కింద పారే వంక గట్టున గుడిసెలేసుకుని ఉండేవాళ్ళు. పొద్దున ఎక్కి, చెప్పిన పని చేసి, పొద్దుగుంకితే దిగిపోయేవాళ్ళు. రాజుకి అది చాల్లేదు. తిట్టించాడు, కొట్టించాడు. దెబ్బలకి చేతులు వాచి పని ఇంకా వెనకబడింది. వీళ్ళు ఏం తింటున్నారు, ఎక్కడ పడుకుంటున్నారు అని అడుగుదామన్న ఆలోచన మాత్రం ఆ మహానుభావుడి బుర్రలోకి రాలేదు.

చివరికి ఒక పండితుణ్ణి పిలిపించాడు. మనుషుల్లో ఉత్సాహం పుట్టించడం ఆయన విద్యట. ఆయన ఒక రోజంతా నీడపట్టున కూర్చుని కూలీల మాటలు విన్నాడు.

"ప్రభూ, రోగం దొరికింది. వీళ్ళు 'మీ కోట' అంటున్నారు. 'మన కోట' అనిపించండి," అన్నాడు.

"అంతేనా?"

"అంతే ప్రభూ. ఇంకేమీ ఇవ్వక్కర్లేదు."

మర్నాటి నుంచి రాయి ఎత్తే ముందు అందరూ "మన కోట" అని అరవాలి. నోరు జారి "మీ కోట" అన్నవాడికి మధ్యాహ్నం సంకటి లేదు.

అందరూ అరిచారు, లోలోపల తిట్టుకుంటూనే. ఒక్కడు మాత్రం ఆ మాట నమ్మాడు. వాడి పేరు ఓబులేసు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పినవాడికే లేని నమ్మకం విన్నవాడికి కలిగించడం కంటే పెద్ద దొంగతనం ఇంకోటుందా?

ఓబులేసు పనితనమే మారిపోయింది. ఎవరికీ కనపడని లోపలి వరసలో కూడా వెంట్రుక దూరనంత గట్టిగా రాయి అతికించేవాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళకీ ఊపొచ్చింది. ఏడాదిలో కోట లేచి నిలబడింది. రాజు పండితుడికి శాలువా కప్పాడు. ఓబులేసు పేరైనా అడగలేదు.

పని ముగియబోయే రోజుల్లో కూడా వాడి భార్య సుంకులమ్మ నిండు నెలలతో మట్టి మోసేది. "మనదంట, మనది! ఉత్త మాట చేతిలో పెట్టి నీతో రెండింతల పని చేయించుకుంటుండారు. నీకెప్పుడొస్తుంది బుద్ధి?" అని కసిరేది.

"ఊరుకోవే. రాజు మాట గదా. ఊరికే అంటాడా?" అనేవాడు.

కోట పూర్తయి రాజు పరివారంతో అందులో చేరిన వారానికే వాన పట్టుకుంది. మూడోనాటి మధ్యాహ్నం వంక పొంగి గుడిసెలన్నిటినీ ఊడ్చుకుపోయింది. జనం పిల్లాజెల్లాతో కొండెక్కారు. దారిలోనే సుంకులమ్మకి నొప్పులు మొదలయ్యాయి. కొండ మీద తల దాచుకోవడానికి ఆ కోట తప్ప ఇంకేమీ లేదు.

తలుపు మూసి ఉంది. ఓబులేసు రెండు చేతులతో బాదాడు.

"తలుపు తియ్యండి సామీ! నా పెండ్లానికి నొప్పులొస్తుండాయి. మన కోటే గదా!"

పండితుడు గోడ మీద నుంచి తొంగి చూశాడు. "అది పని జరిగేటప్పుడు అనే మాటయ్యా. పని అయిపోయింది కదా," అన్నాడు.

"అయితే ఇది ఎవురిది సామీ?"

ఈసారి రాజే వచ్చాడు. "ఇది మా కోట. దిగి పొండి."

మా అట! 'మన'లో ఓబులేసు ఉన్నాడు, 'మా'లో లేడు. థూ, ఒక్క మాట మార్చేసి నలభై ఇళ్ళవాళ్ళని వానలో నిలబెట్టాడు.

సుంకులమ్మ గోడకి చేరగిలబడి పళ్ళు బిగించింది. ఓబులేసు ఆమె మొహం చూశాడు. పుట్టిన దగ్గర్నుంచీ వాడికి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"ఆడోళ్ళు ఆమె చుట్టూ నిలబడండి. మిగిలినోళ్ళు గోడ పక్కన పడున్న గడ్డపారలు తియ్యండ్రా," అన్నాడు.

గోడ వెంబడి నడిచి ఒక చోట ఆగాడు. ఏ రాయి తీస్తే పైవి కూలకుండా నిలుస్తాయో కట్టినవాడికి తెలియదా? గడ్డపార మొన దూరే సందు దొరక్క, అంత గట్టిగా అతికించినందుకు తన్ను తానే తిట్టుకున్నాడు. నలుగురు కలిసి గంటసేపు పెకలిస్తే ఒక రాయి ఊడింది.

భటులు బయటికొచ్చి ఆపాలంటే తలుపు తియ్యాలి. తీస్తే జనం లోపలికొస్తారని రాజు తియ్యనివ్వలేదు. గోడ మీద నిలబడి గుండెలు బాదుకున్నాడు.

"ఒరే పాపాత్ముల్లారా! మన కోటని మనమే పగలగొట్టుకుంటామట్రా?"

ఓబులేసు తలెత్తలేదు.

"మనదే సామీ. అందుకే మనకో వాకిలి పెట్టుకుంటుండాం," అని గడ్డపారను రెండో రాయి కిందికి దూర్చాడు.

ఆ రాయీ ఊడి, మనిషి దూరేంత దారి పడింది. ముందు సుంకులమ్మను లోపలికి పంపారు.