సూదయ్య గడ్డి దుంపలు

అనగనగా ఒక అడవి అంచున రాళ్ళగుట్ట. ఆ గుట్ట మీది గుహలో సూదయ్య అనే ఏదుపంది, దాని పెళ్ళాం సూదమ్మ కాపురం ఉండేవారు. ఏదుపంది అంటే తెలుసుగా పిల్లలూ, ఒళ్ళంతా పొడుగాటి ముళ్ళుంటాయి. దుంపలంటే దానికి ప్రాణం.

సూదమ్మ కడుపుతో ఉంది.

"మూడు నెలల్లో పురుడొస్తుంది. పిల్లలకు నడక వచ్చేదాకా నెల రోజులు నేను గుహ దాటలేను. ఈ రాళ్ళలో తవ్వి తవ్వి నీ గోళ్ళు అరిగిపోయాయి. అప్పుడు నేనేం తినాలయ్యా?" అని అడిగింది.

సూదయ్యకు లెక్కలంటే మహా సరదా.

"రోజుకు రెండు దుంపలు. నెలకు అరవై. ఆ అరవై మన గుమ్మం ముందే ఉంటే నీకు దిగులే లేదు!" అన్నాడు ఠక్కున.

"లెక్క బాగానే ఉంది. దుంపలేవి?" అంది సూదమ్మ.

ఆ మాట చెట్టు మీది కాకి విన్నది. రోజూ ఊళ్ళో పెరళ్ళ చుట్టూ తిరిగే కాకి అది.

"తవ్వకుండా దుంపలు పండించే ఉపాయం ఒకటుంది అన్నయ్యా. ఊళ్ళో ఒకావిడ చేస్తుంటే చూశాను. మొలకెత్తిన బంగాళాదుంపల్ని ముక్కలు చేసింది. ముక్కకో మొలక ఉండేలా చూసుకుంది. వాటిని నేల మీద ఊరికే పరిచి, పైన మూరెడు మందాన వరిగడ్డి కప్పింది. రోజుకొకసారి తడిపింది. మొక్క గడ్డిలోంచి పైకొస్తుంది, దుంపలు గడ్డి కిందే ఊరతాయి. తొంభై రోజులకు గడ్డి తీసి ఏరుకోవడమే. అన్నట్టు, దుంపలకు వెలుగు తగలనివ్వకు. తగిలితే పచ్చబడి విషమవుతాయి," అని చెప్పింది.

మూరెడు, ఒకసారి, తొంభై. అంకెలన్నీ సూదయ్యకు కంఠతా వచ్చేశాయి. చివరి మాటలో అంకె లేదు. అది ఒక చెవిన దూరి మరో చెవిన పోయింది.

ఊరి చివర ఎవరో పారబోసిన మొలకల దుంపలు నాలుగు తెచ్చాడు. పళ్ళతో కొరికి ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేశాడు. నాలుగు మూళ్ళు పన్నెండు. మొక్కకు ఐదు దుంపలు ఊరితే పన్నెండైదులు అరవై! కళ్ళంలో దొర్లి, ముళ్ళకు గుచ్చుకున్న గడ్డినంతా మోసుకొచ్చాడు. అలా పదకొండు సార్లు తిరిగాడు. పాపం, కష్టపడలేదని మాత్రం అనకూడదు.

మొక్కలు పచ్చగా లేచాయి. యాభయ్యో రోజున కుందేలు వచ్చింది.

"బావా, గడ్డిలో దుంపలు ఊరతాయట! ఎవరి చెవిలో పెడతావు పువ్వులు?" అని నవ్వింది.

సూదయ్యకు రోషం వచ్చింది. గడ్డి పక్కకు లాగాడు. గోళీలంత దుంపలు తొమ్మిది!

"అబ్బో!" అంది కుందేలు.

ఆ 'అబ్బో' సూదయ్యకు దుంపకంటే రుచిగా ఉంది.

"కప్పెయ్యవయ్యా, కాకి ఏం చెప్పింది?" అంది సూదమ్మ లోపలి నుంచి.

"కప్పుతున్నాగా!" అని, మూరెడు మందం జానెడయ్యేలా కప్పాడు.

అరవయ్యో రోజున కోతి ముగ్గురు పిల్లలతో వచ్చింది. మళ్ళీ గడ్డి తీశాడు. నిమ్మకాయలంత దుంపలు ఇరవై ఆరు! కోతిపిల్లలు గడ్డిలో పిల్లిమొగ్గలు వేశాయి. సగం గడ్డి లోయలోకి ఎగిరిపోయింది.

"వాళ్ళేమైనా మనకు పురుడు పోస్తారా? ఎందుకయ్యా ఈ ప్రదర్శన?" అంది సూదమ్మ.

"యాభై రోజులకు తొమ్మిది, అరవైకి ఇరవై ఆరు. పది రోజుల్లో పదిహేడు పెరిగాయి. ఇలాంటి లెక్క నలుగురికీ తెలియొద్దూ?" అన్నాడు సూదయ్య.

డెబ్బై అయిదో రోజున ఎలుగుబంటి వచ్చింది.

"అల్లుడూ, ముసలి కళ్ళు నావి. బాగా తెరిచి చూపించు," అంది.

సూదయ్య బాగానే తెరిచాడు. నలభై ఒకటి! ఎలుగుబంటి వీపు తట్టబోయి, ముళ్ళు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాటిమాటికీ తీసి కప్పడం దేనికి? దారిన పోయేవాళ్ళే చూసుకుంటారు," అని సూదయ్య గడ్డిని అలాగే వదిలేశాడు.

"కనీసం రాత్రికైనా కప్పు," అంది సూదమ్మ.

సూదయ్య రాత్రి కప్పాడు, పొద్దున్నే తీశాడు. రాత్రి చీకటే కదా పిల్లలూ, అప్పుడు కప్పితే ఎంత, కప్పకపోతే ఎంత?

ఎనభై అయిదో రోజున పందికొక్కు వచ్చింది. దుంపల దొంగల్లో దాన్ని మించినది లేదు. సూదయ్య ముళ్ళన్నీ నిక్కబొడిచి నిలబడ్డాడు. పందికొక్కు ఒక దుంపను వాసన చూసింది. మూతి ముడుచుకుంది.

"నాకొద్దులే అన్నా. నాకూ పిల్లలున్నారు," అని వెళ్ళిపోయింది.

"చూశావా, నన్ను చూసి హడలిపోయింది!" అన్నాడు సూదయ్య.

తొంభయ్యో రోజు తెల్లారేసరికి సూదమ్మకు కవలలు పుట్టారు. ఆకలితో ఆమె కళ్ళు తిరుగుతున్నాయి. సూదయ్య గడ్డంతా తీసి, దుంపలన్నీ గుహలో కుప్ప పోశాడు.

"నలభై ఏడు! అరవైకి పదమూడే తక్కువ!" అన్నాడు.

సూదమ్మ ఒక దుంప తీసుకుని చూసింది. ఆకుపచ్చగా ఉంది. ఇంకొకటి తీసింది. అదీ పచ్చనే. కొన కొరికి, చేదుకు ఉమ్మేసింది.

"ఇందులో తినేవి ఎన్ని?" అని మెల్లగా అడిగింది.

సూదయ్య ఏరడం మొదలుపెట్టాడు. అన్నిటికంటే అడుగున, ఎవరికీ కనపడకుండా ఉండిపోయినవి మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"నాలుగు," అన్నాడు.

"రోజుకు రెండు చొప్పున?"

సూదయ్య ఆ నాలుగూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

మూడో రోజు నుంచి అతను రాళ్ళ సందుల్లో తవ్వసాగాడు. అరిగిన గోళ్ళ నుంచి నెత్తురు కారేది. పొద్దస్తమానం తవ్వితే ఒక పీచు వేరు దొరికేది. అలా నోట వేరు కరుచుకుని వస్తుంటే కుందేలు ఎదురైంది.

"బావా, నలభై ఏడటగా! అడవంతా నీ పేరే! మాకూ నేర్పవూ?" అంది.

సూదయ్య నోరు తెరవలేదు. తెరిస్తే వేరు కింద పడుతుంది. ఇంట్లో సూదమ్మ దాని కోసమే ఎదురుచూస్తోంది.

నీతి: ఎదుగుతున్నదాన్ని కుదురుగా ఎదగనివ్వాలి. మాటిమాటికీ తెరిచి చూపిస్తే మెప్పు దొరుకుతుంది, మెతుకు దొరకదు.