పల్లాలమ్మ నడుమూ నాలుగు పేటల మాత్రా

ఊరు మొత్తమ్మీద బుర్రంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని నూకరాజు కుటుంబానికి గట్టి నమ్మకం. వానొచ్చి ఇల్లు కారితే వాళ్ళు పక్కవాళ్ళలా గిన్నెలు పెట్టుకుని అవస్థ పడరు. "లోపలా తడుస్తున్నాం, బయటా తడుస్తున్నాం. మరి ఇరుకులో తడవడం ఎందుకు?" అంటాడు నూకరాజు. అంతే, నలుగురూ వీధిలోకొచ్చి విశాలంగా తడుస్తారు. నలుగురంటే నూకరాజు, అతని భార్య పల్లాలమ్మ, కొడుకు ధర్మరాజు, కోడలు రత్నవేణి.

వాళ్ళది కొబ్బరిపీచు తాళ్ళు పేనే పని. ఒకళ్ళు రాట్నం తిప్పుతుంటే ఇంకొకళ్ళు ఒడిలో పీచు పెట్టుకుని, పేనుకుంటూ వెనక్కి వెనక్కి నడవాలి. పల్లాలమ్మ నలభై ఏళ్ళు అలా వెనక్కి నడిచింది. కడుపుతో ఉన్నప్పుడు నడిచింది, జ్వరంతోనూ నడిచింది. ఊరికే వస్తుందా నడుంనొప్పి? ఆరేళ్ళ కిందట వచ్చింది, మళ్ళీ పోలేదు.

ఊళ్ళోవాళ్ళు నమ్మలేదు. "మనిషి గుండ్రాయిలా ఉంది, నొప్పేమిటి దీనికి, పని తప్పించుకోడానికి కాకపోతే!" అన్నారు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఆ నడుము మోసి చూస్తే తెలిసేది వాళ్ళకి! ఇంట్లోవాళ్ళు మాత్రం నమ్మారు. నమ్మి, టార్చిలైటు వేసి నడుమంతా వెతికారు. ఏమీ దొరకలేదు.

"లోపలికి దూరిపోయిందే," అన్నాడు నూకరాజు. ఆనాటినుంచి ఇంకా గట్టిగా నమ్మాడు.

పల్లాలమ్మ దిగులు నొప్పొక్కటే కాదు. ఏటికి అవతల లంకలో ఆమె చెల్లెలు చంద్రమ్మ కాలూ చెయ్యీ పడిపోయి మంచం పట్టింది. ఎనిమిది నెలలుగా "అక్కని చూడాలనుంది" అని కబురు మీద కబురు. రేవుదాకా ఆటో ఎక్కితే ఆ గతుకులకి పల్లాలమ్మకి కళ్ళు బైర్లు కమ్ముతాయి. రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ ఏడుస్తూ వెనక్కొచ్చింది. ఈ నడుము కాస్త కుదిరితే చాలు, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఒక్క గంట కూర్చుంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు ఆమెకి.

చివరికి నలుగురూ కలిసి పట్నం ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ అడిగింది: "నొప్పి పదికి ఎంత ఉంటుందమ్మా? లేకపోతే సున్నా, అస్సలు ఓర్చుకోలేకపోతే పది."

"ఎనిమిదండీ," అంది పల్లాలమ్మ.

ధర్మరాజు మొహం వెలిగిపోయింది. "పదికి ఎనిమిదే! నాకు బళ్ళో ఎప్పుడూ రెండు దాటలేదమ్మా!"

"ఇంకాస్త కష్టపడితే పదికి పదీ వచ్చేవి అత్తయ్యా," అంది రత్నవేణి, కొంచెం నొచ్చుకుంటూ.

డాక్టరమ్మ కలం ఆపి నలుగురినీ ఒక్కసారి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒకటి. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. ఈ మందు కడుపుకి భారం. మత్తుగా ఉండొచ్చు, మలబద్ధకం రావచ్చు. బరువులెత్తకూడదు. ఏమాత్రం తేడా చేసినా వెంటనే రండి. సరిగ్గా వాడితే చెల్లెల్ని చూసొస్తావు."

ఆ చివరిమాటకి పల్లాలమ్మ ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున రత్నవేణి ఇడ్లీలు పెట్టింది. అయిదు తిన్నాక పల్లాలమ్మ మాత్రకి చెయ్యి చాపింది.

"ఆగండత్తయ్యా! ఖాళీ ఉండకూడదన్నారు కదా?" అని కోడలు, కొబ్బరికాయని కొట్టి చూసినట్టు, అత్తగారి పొట్టమీద వేలితో కొట్టి చూసింది. "ఇదిగో, ఎడంపక్క డొల్లగా మోగుతోంది." ఇంకో నాలుగు పెట్టింది. మళ్ళీ కొట్టింది, ఇంకో రెండు పెట్టింది. ఆఖరికి ఎక్కడ కొట్టినా మోగలేదు.

"ఇప్పుడు వేసుకోండి."

"ఎక్కడ వేసుకోనే? చోటేదీ?" అంది పల్లాలమ్మ, ఊపిరాడక.

అదీ నిజమే. అరిగేదాకా ఆగారు. అరిగేసరికి మళ్ళీ ఖాళీ వచ్చింది. ఇంకేముంది, మళ్ళీ ఇడ్లీలు. ఇలా రెండురోజులు డబ్బాలో మాత్ర డబ్బాలోనే ఉంది. మూడోనాడు కోడలు బావికెళ్ళినప్పుడు పల్లాలమ్మ రెండు ముద్దలు తిని గుటుక్కున మింగేసింది. గంటకి నడుం కాస్త వదులైంది. ఆరేళ్ళలో మొదటిసారి తనంతట తను లేచి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

"అమ్మా! దించు!" అని ధర్మరాజు అరిచాడు. గ్లాసు లాక్కుని పీచు తూచే కాటామీద పెట్టాడు. ముల్లు కదిలింది. "బరువే!"

"ఏం, చెయ్యి బరువు కాదూ?" అన్నాడు నూకరాజు, బుర్రంటే అదీ మరి. ఆమె చెయ్యి కాటామీద పెట్టి చూశారు. మూడు కేజీలు!

"ఇన్నాళ్ళూ మూడేసి కేజీలు ఒక్కదానివే ఎత్తావా అమ్మా!" అని ధర్మరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంతే, దూలానికి తాడేసి తల్లి రెండు చేతులూ కట్టాడు. అన్నం తినేటప్పుడు పల్లాలమ్మ "ముద్ద!" అంటుంది, నూకరాజు తాడు లాగుతాడు, చెయ్యి లేస్తుంది. ఒకసారి నోటికి అందేది, ఒకసారి చెవికి అందేది.

"తల మాటేమిటి మావయ్యా? అదింకా బరువు," అంది రత్నవేణి.

"మన ఇంటి తల కదా, ఉంటుంది," అని నూకరాజు గర్వంగా తలకీ ఒక తాడు కట్టాడు.

ఇలా కదలకుండా వేలాడుతూ ఉంటే మందు ఊరుకుంటుందా? కడుపులో మంట మొదలైంది, వికారం. నాలుగురోజులు దొడ్డికి వెళ్ళలేదు. "డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండయ్యా," అని మొత్తుకుంది పల్లాలమ్మ.

"ఇంట్లో ఇంత తెలివి పెట్టుకుని ఊరిమీద పడడం ఎందుకే?" అన్నాడు నూకరాజు. "ఒక్క పేట మీద బరువేస్తే తాడు తెగుతుంది. అదే నాలుగు పేటలు కలిపితే ఓడనైనా ఆపుతుంది. మందు కడుపుకి భారమని చెప్పాక కూడా ఒక్క కడుపుమీదే వేశాం చూడు, అదీ మన పొరపాటు!"

మాత్రని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చాడు.

"నొప్పి నా ఒక్కదానిదే కదయ్యా?" అంది పల్లాలమ్మ.

"చూశావా, ఇన్నేళ్ళు కాపరం చేసి మమ్మల్ని వేరుచేసి మాట్లాడుతున్నావు!"

ఆమె తన ముక్క మింగింది. సాయంత్రానికి నొప్పి మళ్ళీ ఎనిమిదికి ఎక్కింది, మిగతా ముగ్గురికీ మత్తెక్కింది. రత్నవేణి పీచుమోపు మీద గుర్రుపెట్టింది. నూకరాజు కళ్ళు మూసుకుని రాట్నం తిప్పుతూనే ఉన్నాడు. ధర్మరాజు కళ్ళు మూసుకుని వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. చాలు, ఆగరా అనేవాడు లేడు. పీచు అయిపోయింది, వీధి అయిపోయింది, ఊరూ అయిపోయింది. పక్క ఊళ్ళో రోగిని చూసి పట్నం వెళ్తూ, రోడ్డుమీద స్కూటరు ఆపుకుని ఫోను మాట్లాడుతున్న మనిషికి వీపుతో వెళ్ళి గుద్దుకున్నాడు. ఆ మనిషి ఎవరనుకున్నారు? డాక్టరమ్మ!

మెలకువొచ్చిన ధర్మరాజు చెప్పిన సంగతి విని ఆవిడ పరుగున ఇంటికొచ్చింది. దూలానికి మూడు తాళ్ళతో వేలాడుతున్న పల్లాలమ్మని చూసి గుమ్మంలోనే అందుకుంది. "ఒకళ్ళ మందు ఇంకొకళ్ళు మింగితే ప్రాణాలు పోతాయి! ముందు ఆ తాళ్ళు విప్పండి! నాలుగురోజులు కడుపు బిగిస్తే నా దగ్గరికి రావడానికి ఏం రోగం మీకు?"

పల్లాలమ్మ ఏడ్చేసింది. డాక్టరమ్మ పక్కన కూర్చుని మందు మార్చి రాసింది, కడుపుకి వేరే మాత్ర ఇచ్చింది. "నీకు అబద్ధం చెప్పనమ్మా. ఇది పూర్తిగా పోయే నొప్పి కాదు. ఎనిమిది కాస్తా నాలుగు చేసుకుందాం. ఆ నాలుగుతో బతకడం నేర్చుకుందాం. రోజూ కొంచెం కొంచెం నడువు. ఆటోలో కూర్చుని గతుకుల్లో వెళ్ళకు. మెల్లిగా నడిచే వెళ్ళు మీ చెల్లెలి దగ్గరికి."

"నాలుగు మార్కులంటే గట్టెక్కడమే కష్టం కదా," అని ధర్మరాజు పెళ్ళాం చెవిలో గుసగుసలాడాడు. పల్లాలమ్మకి మాత్రం డాక్టరమ్మ మాట అమృతంలా ఉంది. ఆరేళ్ళలో ఆమెతో ఉన్నదున్నట్టు మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

నెల తిరిగింది. పల్లాలమ్మ మందు తనే వేసుకుంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కాలవగట్టు మీద రోజుకింత నడిచింది. ఒకనాడు పొద్దున్నే బయల్దేరి, ఆరుచోట్ల ఆగి, రేవు చేరింది. ఇంటిల్లిపాదీ వెంట ఉన్నారు. పడవ ఎక్కి కూర్చోగానే ఆమెకి గుర్తొచ్చింది.

"అమ్మో! నడిచే వెళ్ళమంది కదూ డాక్టరమ్మ!"

"ఇంకేముంది, లే!" అన్నాడు నూకరాజు. "ఏరెంత వెడల్పోయ్?" అని పడవ నడిపే సరంగుని అడిగాడు.

"వెయ్యి అంగలుంటుందేమో. ఎందుకూ?"

పల్లాలమ్మ లేచి కొడుకు భుజం పట్టుకుని పడవ ఈ కొసనించి ఆ కొసకి, ఆ కొసనించి ఈ కొసకి నడవడం మొదలుపెట్టింది. నూకరాజు లెక్కపెట్టాడు. సరంగు తిట్టాడు, పడవ ఊగింది. ఆమె ఆగలేదు. ఆరువందల అంగలయ్యేసరికి పడవ లంకరేవుకి తగిలింది.

ఒడ్డున నులకమంచం. అక్క వస్తోందని తెలిసి చంద్రమ్మ మంచంతో సహా మోయించుకుని వచ్చింది. రెండు గజాల దూరం. బాగున్న చెయ్యి ఒక్కటీ చాపి "అక్కా!" అంది. పల్లాలమ్మ ఒక్క ఉదుటున దిగబోయింది.

నూకరాజు రెక్క పట్టుకుని ఆపాడు. "చస్తావే! ఇంకా నాలుగువందల అంగల ఏరుంది!"

నిజమే కదా అని ఆమె గుండెలు బాదుకుంటూ వెనక్కి తిరిగి నడక అందుకుంది.

"దిగవే అక్కా, ఇన్నాళ్ళకి వచ్చి!" అని ఒడ్డునించి ఏడ్చింది చంద్రమ్మ.

"వస్తున్నానే తల్లీ, వచ్చేస్తున్నా! ఇంకా నడి ఏట్లోనే ఉన్నాను!" అంది పల్లాలమ్మ, కన్నీళ్ళు తుడుచుకుంటూ, అంగలు వేస్తూ.

చంద్రమ్మ చాపిన చెయ్యి గుండెలమీద పెట్టుకుంది. "అయ్యో, అయితే తొందరపడకే అక్కా! నెమ్మదిగా రా, అక్కడ లోతెక్కువ!"